చీజ్ సంగతి తరువాత, ముందు ఆ మూడు వారాల జ్వరం సంగతి చూడండి

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. ఇంట్లో రెండు బర్రెలు ఉన్నాయి. రెండు నెలలుగా పచ్చిపాలను గోరువెచ్చగా చేసి, నిమ్మరసం పిండి చీజ్ చేస్తున్నాను. కాచని పాల మీద తేరిన మీగడను గిలకొట్టి క్రీమ్‌గా వాడుతున్నాం. చీజ్ సరిగ్గా గడ్డకట్టక, పుల్లగా వస్తోంది. నిమ్మరసం ఎంత వేయాలి? ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? మా కోడలికి ఐదో నెల, ఆమెకు ఇవి బలమే కదా? మా వారికి మూడు వారాలుగా సాయంత్రం జ్వరం, చెమటలు, నడుము నొప్పి ఉన్నాయి. మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలు వేస్తే తగ్గి, మళ్లీ వస్తోంది.
- ఒక పాఠకురాలు

సలహా: మీరు అడిగింది చీజ్ గురించే అయినా, నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు. పచ్చిపాలతో చేసిన పదార్థాలు తినే ఇంట్లో ఒకరికి సాయంత్రం జ్వరం వచ్చి, చెమటలు పట్టి తగ్గుతూ, నడుము నొప్పితో మూడు వారాలు సాగుతోందంటే, బ్రుసెల్లోసిస్ అనే జబ్బును అనుమానించక తప్పదు. మనిషిని చూడకుండా, పరీక్షలు చేయకుండా ఇదేనని నేను చెప్పలేను. క్షయ, టైఫాయిడ్ వంటివి కూడా చూడాల్సి ఉంటుంది. మీ బర్రెల్లో ఏదైనా ఈ మధ్య ఈసుకుపోయిందా (నెలలు నిండకుండానే దూడను వేసిందా), దాని మాయను మీ వారు ఉత్త చేతులతో తీశారా అన్న సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఈ జబ్బు పాల ద్వారానే కాక ఆ దారిలోనూ సోకుతుంది.

మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులను పీడించిన ఈ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూస్ 1887లో గుర్తించారు. అది మేకపాల ద్వారా వస్తోందని 1905లో తేలింది. ఆ మరుసటి ఏడాది సైనికులకు ఆ పాలు ఆపగానే జ్వరాలు బాగా తగ్గిపోయాయి. నిమ్మరసపు పులుపుకు ఈ సూక్ష్మజీవి చావదు. మెత్తటి చీజ్‌లో, మీగడలో వారాల తరబడి బతికే ఉంటుంది.

ఇక మాత్రల సంగతి. ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఓపీలో వారానికి ఒక్కరైనా ఇలాగే వస్తారు: దుకాణంలో ఐదు రోజుల యాంటీబయోటిక్, తగ్గకపోతే ఇంకో రకం, మధ్యలో ఎవరో టైఫాయిడ్ అన్నారని రెండు ఇంజెక్షన్లు. బ్రుసెల్లోసిస్‌కు సాధారణంగా రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వాడాలి. అరకొర మందుతో జ్వరం పైకి అణిగినా, జబ్బు వెన్నెముకకు, కీళ్లకు, మగవారిలో వృషణాలకు, అరుదుగా గుండె కవాటాలకు పాకే అవకాశం ఉంటుంది. పైగా రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షలో, అది దొరకడం కష్టమవుతుంది. మూడు వారాలు ఆగడం పొరపాటేనమ్మా, ఇక ఒక్క రోజు కూడా ఆగవద్దు. వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి.

మీ కోడలికి పచ్చిపాల చీజ్, పచ్చి మీగడ ఈ రోజే ఆపేయండి. పచ్చిపాలలో ఉండగల లిస్టీరియా అనే మరో సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణికి మామూలు జలుబు జ్వరంలా అనిపించినా, కడుపులోని బిడ్డ ప్రాణానికి ముప్పు తేగలదు. ఆమె ఇప్పటికే ఇవి తిని ఉంటే, జ్వరం లేకపోయినా ఆ మాట ప్రసూతి డాక్టరుకు చెప్పాలి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే అదే రోజు చూపించాలి. కాచిన పాలు, వాటితో తోడుపెట్టిన పెరుగు నిశ్చింతగా ఇవ్వవచ్చు.

మీ చీజ్ గడ్డకట్టకపోవడానికీ కారణం పాలు కాగకపోవడమే. గోరువెచ్చని పాలు విరగడానికి నిమ్మరసం ఎక్కువ పడుతుంది, అందుకే ఆ పులుపు. పాలను పొంగు వచ్చేదాకా కాచి, పొయ్యి ఆపి, లీటరుకు సుమారు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ, నీరు లేత ఆకుపచ్చగా తేరగానే ఆపండి. శుభ్రమైన బట్టలో వడకట్టి, బరువు పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయండి. మీగడ కూడా కాచి చల్లార్చిన పాల మీదిదే తీయండి. వెన్న కాచి చేసే నెయ్యితో ఈ భయం లేదు.

బర్రెలను పశువైద్యుడికి చూపించి పరీక్ష చేయించండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ వారు ఇంతవరకు వాడిన మాత్రల అట్టలన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.