దోమల మెషిన్‌లో పుల్ల సంగతి

చిరంజీవి శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

కాలువలకి నీళ్ళు ఆపేశారు, బోదెల్లో మిగిలిన నీళ్ళు మురుగుతున్నాయి, ఇక దోమలకేం కొదవ! మెషిన్ రాత్రంతా వెలుగుతూనే ఉంది, దోమలు మాత్రం పోవట్లేదు, కొత్తది కొననా అన్నావు. ఆగు. ముందు మందు బుడ్డిలోంచి పైకొచ్చే పుల్ల చూడు.

మెషిన్‌లో వేడెక్కేది పింగాణీ జాతి బిళ్ళ, పీటీసీ అంటారు. వేడి ఒక హద్దు దాటితే కరెంటుని అదే తగ్గించేసుకుంటుంది. అందుకే లో వోల్టేజీకి పెద్దగా జంకదు. చవకరకం వాటిలో వేడెక్కే ముక్కగా మామూలు రెసిస్టర్ పెడతారు. దానికి 230 వోల్టులు 160కి పడితే వేడి సగానికి సగం తగ్గిపోతుంది. పది నిమిషాలు వేసి, పైన చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే హీటర్ పోలేదన్నమాట.

ఇక పుల్ల. కొన్నిటిలో బొగ్గుపొడి అదిమి చేస్తారు, కొన్నిటిలో పింగాణీ. ఏదైనా ఒళ్ళంతా కంటికి కనపడని సన్న రంధ్రాలే. మందు వాటిల్లోంచి పైకి పాకి, కొస దగ్గర ఆవిరవుతుంది. బుడ్డి మీద పెన్నుతో గీత పెట్టు. 45 మి.లీ. బుడ్డి రోజుకి ఎనిమిది గంటల లెక్కన నెలన్నర వస్తుంది కాబట్టి వారానికి ఏడు మి.లీ. అటూ ఇటూగా దిగాలి. మందు గీత దగ్గరే ఉండిపోయిందంటే పుల్ల పూడుకుపోయినట్టే.

పూడుకునేది ఎక్కువగా మన తెలివితేటల వల్లే. ఖాళీ బుడ్డిలో వేపనూనె, కర్పూరం, కిరోసిన్ కలిపి పోస్తున్నారుగా! వేపనూనె ఆ వేడికి ఆవిరవదు, జిగురై కొసన గట్టిపడుతుంది. రేషన్ కిరోసిన్‌లోని నీలిరంగు కూడా అంతే, రంధ్రాల్లోనే ఉండిపోతుంది. పైగా కిరోసిన్ కాస్త ఒలికినా నిప్పుతో చెలగాటం. బ్లేడుతో గీకితే పుల్ల బాగుపడదు. పైపొర పోతుంది కానీ లోపలి పూడిక అలాగే ఉంటుంది, పైగా కొస పొట్టిదై హీటర్‌కి అందదు. ఆ బుడ్డి పక్కన పెట్టేసి కొత్త రీఫిల్ వెయ్యి.

వేసేటప్పుడు ప్లగ్గు తీసి, మరచుట్టు పూర్తిగా బిగించు. పుల్ల హీటర్ రింగు నడిమధ్యన నిలబడాలి, ఎటూ తగలకూడదు. ఓ పక్క తగిలితే అక్కడ మాడుతుంది. సాకెట్ అడ్డంగా ఉంటే ప్లగ్గు తిప్పి బుడ్డిని నిలువుగా ఉంచు. ఒరిగితే మందు కారి హీటర్ మీద పడుతుంది. పడుకునే అరగంట ముందు తలుపులు మూసి మెషిన్ వెయ్యి, పడుకునేటప్పుడు ఓ కిటికీ తీసిపెట్టు. పసిపిల్ల మంచం పక్క సాకెట్ వద్దు, ఆవిడకి దోమతెరే మేలు.

ఇంకో మాట. ఖాళీ బుడ్డి చెరువుగట్టు మీద కడగకు, కాలువలో విసరకు. ఈ మెషిన్‌లో మందు చేపకి, రొయ్యకి చుక్క పడినా విషమే.