బోటుకి నంబరు తాళం: మేనల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

బోటు కేబిన్‌కి తాళంచెవి అక్కర్లేని ఎలక్ట్రానిక్ తాళం కొంటున్నావట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. నా తాళంచెవులు ఎన్ని నీళ్లపాలయ్యాయో నీకు తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఆ తాళం రోజూ తలపడేది దొంగతో కాదు, ఉప్పుతో.

నా మొదటి తాళం డబ్బా మీద ఐపీ67 అని ఉంది. మీటరు లోతున అరగంట మునిగినా పాడవదని దానర్థం. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. ఉప్పుగాలి సంగతి అందులో లేదు. రెండో వానాకాలంలో ఓ రాత్రి ఎన్నిసార్లు నొక్కినా లైటు లేదు, చప్పుడు లేదు. తెల్లారాక కేబిన్ కప్పుకుండే హ్యాచ్ తలుపులోంచి దూరి తాళం మూత విప్పితే బ్యాటరీలు కారిపోయి ఉన్నాయి, స్ప్రింగుల నిండా పచ్చటి పొడి. అందుకే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనిస్తే తెరుచుకునే రకం చూసుకో. ఆ బ్యాటరీని మాత్రం కేబిన్‌లో దాచకు. నేను దాచాను, నవ్వకు.

బోటు 12 వోల్టుల బ్యాటరీకే కలిపేస్తే పోలా అంటావేమో. అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు తిరిగి తిరిగి దాన్ని పీల్చేసిన రోజునే నువ్వు లోపలికి పోవడం మరీ అవసరం.

వేలిముద్ర తాళాలకి తడి వేళ్లు పడవు. నొక్కితే కిందికి దిగే బటన్లే మేలు. కంపెనీ ఇచ్చిన నంబరు మొదటిరోజే మార్చెయ్. తర్వాత కూడా అప్పుడప్పుడూ మారుస్తుండు. నాలుగంకెల నంబరంటే 10,000 రకాలే గానీ, నాలుగు బటన్లే అరిగి కనిపిస్తే దొంగ ప్రయత్నించాల్సినవి 24 మాత్రమే.

తాళం ఒళ్లంతా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకో. అందులో 2, 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకుంటుంది. తలుపు అల్యూమినియందైతే మధ్యలో నైలాన్ వాషర్లు వెయ్యి, లేకపోతే ఉప్పుతడిలో ఆ స్టీలు అల్యూమినియాన్ని తినేస్తుంది. స్క్రూలు వద్దు. బోల్టులు అవతలికి దించి, వెనక రేకు పెట్టి బిగించు. తాళం ఎంత గట్టిదైనా గొళ్లెం ఊడొస్తే ఏం లాభం?

ఇంకోటి, ఇందులో బేరాల్లేవు. కరెంటున్నా లేకున్నా లోపలి నుంచి పిడి తిప్పగానే తలుపు తెరుచుకోవాలి. కేబిన్‌లో మంట లేస్తే నంబరు ఎవరికి గుర్తొస్తుంది?

బోటు వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజనుకి మాత్రం మామూలు తాళమే వెయ్యి. దాని చెవికి ఓ బెండుముక్క కట్టు.

మీ మామయ్య