రౌతులు తిరిగి రారు: బల్ల మీది యుద్ధానికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం కూకట్‌పల్లిలో నీ స్నేహితుడి ఇంట్లో ఇంగ్లండ్ అంతర్యుద్ధం ఆట ఆడబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1640లలో చార్లెస్ రాజుకీ పార్లమెంటుకీ జరిగిన పోరును బొమ్మ సైనికులతో, పాచికలతో బల్ల మీద నడిపే ఆట అది. "బొమ్మలతో ఆడుకోవడానికి వీడికింత టెన్షన్ ఏమిట్రా" అని నవ్వింది కూడా. ఆ టెన్షన్ ఏమిటో నాకు తెలుసు. రూల్స్ పుస్తకం నువ్వు ఎలాగూ చదువుతావు. అందులో కనబడని సంగతులు కొన్ని రాస్తున్నాను.

నువ్వు రాజు పక్షమే అడుగుతావు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు, రూపర్ట్ కోసం. చార్లెస్ రాజుకి అతను సొంత అక్క కొడుకు. 22 ఏళ్లకే రాజుగారి అశ్వదళానికి నాయకుడయ్యాడు. బల్ల మీద అతని రౌతులకు ఇచ్చే పాచికలు చూస్తే ఎవడికైనా చేతులు దురద పెడతాయి. తీసుకో, తప్పులేదు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ రౌతులు ఒకసారి బయల్దేరితే మళ్లీ నీ చేతికి రారు. వాళ్లు లేకుండా మిగతా ఆట ఎలా గెలుస్తావో ముందే ఆలోచించుకుని బల్ల దగ్గరికి వెళ్లు.

ఇది రూల్స్ రాసినవాళ్లు కల్పించింది కాదు. 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ దగ్గర రెండు పక్కలా రాజు రౌతులు ఎదుటి అశ్వదళాన్ని చెదరగొట్టారు. అక్కడితో ఆగారా? పారిపోయేవాళ్ల వెంటపడి కైన్‌టన్ ఊరి దాకా పోయి సామాన్ల బండ్ల మీద పడ్డారు. ఇక్కడ రాజుగారి కాల్బలానికి పక్కన గుర్రమన్నది లేకుండా పోయింది. పార్లమెంటు వైపు మిగిలిన కొద్దిపాటి రౌతులే వచ్చి మీదపడితే రాజు జెండా కూడా చేజారింది. దాన్ని మోసిన సర్ ఎడ్మండ్ వెర్నీ అక్కడే చనిపోయాడు. ఆయన పెద్దకొడుకు పార్లమెంటు పక్షం. జెండాను తర్వాత తిరిగి తెచ్చుకున్నారు గానీ, గెలవాల్సిన యుద్ధం ఎటూ తేలకుండా ముగిసింది. రెండున్నరేళ్ల తర్వాత, 1645 జూన్ 14న నేస్బీలోనూ అంతే. రూపర్ట్ తన ఎదుటి రెక్కను, అంటే సైన్యానికి ఒక పక్కనున్న రౌతుల దళాన్ని, విరగ్గొట్టి సామాన్ల బండ్ల దాకా వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి కాల్బలం పని అయిపోయింది.

అవతలి రెక్క మీద పార్లమెంటు అశ్వదళ నాయకుడు క్రామ్‌వెల్ ఏం చేశాడో చూడు. గెలిచాక కొందరినే తరమడానికి పంపాడు, మిగతావాళ్లను తిప్పుకుని రాజు కాల్బలం మీదికి తెచ్చాడు. అంతకుముందు ఏడాది జులై 2న మార్‌స్టన్ మూర్‌లోనూ గెలిచిన రౌతులను చెదరకుండా కూడగట్టుకున్నాడు. అతని రౌతులు వేగంగా రారు, మోకాలికి మోకాలు ఆనించి ఒక మోస్తరు పరుగుతో వస్తారు. ఆటలో వాళ్ల మొదటి దెబ్బ చప్పగా అనిపిస్తుంది. అయితే చాలా రూల్స్‌లో గెలిచాక ఆగడానికి వాళ్లకు మంచి అవకాశం ఉంటుంది. రూపర్ట్ మనుషులకు అది అరుదు.

అందుకని ఇలా చెయ్యి. రూపర్ట్‌ను మొదటి టర్న్‌లోనే వదలకు. కాల్బలం కాల్పులకు అందేంత దగ్గరికి చేరాక వదులు. ఎదురుగా తిన్నగా కాకుండా కొంచెం మధ్యవైపుకి ఏటవాలుగా దూకించు. వెంటాడుతూ పోయినా శత్రువు రెండో వరుసలో పడతారు గానీ ఖాళీ అంచు మీదుగా బల్ల దిగిపోరు. రెండు గుర్రపు యూనిట్లను కాల్బలం వెనక విడిగా ఉంచు, వాటిని రూపర్ట్ అజమాయిషీలో పెట్టకు. ఆట మధ్యలో నీ స్నేహితులు "వాటిని ఖాళీగా ఎందుకు నిలబెట్టావు" అని రెచ్చగొడతారు. నవ్వి ఊరుకో.

కాల్బలం గురించి. మధ్యలో పొడవు ఈటెలవాళ్లు, రెండు పక్కలా మస్కెట్లవాళ్లు, ఇది ఒక రెజిమెంట్. యుద్ధం నడిచే కొద్దీ ఈటెలు తగ్గి తుపాకులు పెరిగాయి, ఒక ఈటెకు రెండు మస్కెట్లు అన్న లెక్కకు వచ్చింది. కొత్తవాళ్లు తుపాకులు ఎక్కువున్న యూనిట్ కొని ఈటెలను దండగ అనుకుంటారు. గుర్రాలు మీదికొచ్చినప్పుడు తెలుస్తుంది వాటి విలువ. ఇక మస్కెట్ అంటే వెలిగే వత్తితో పేల్చేది. నింపడానికి చాలాసేపు పడుతుంది, వంద గజాలు దాటితే గురి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. బల్లకు ఆ కొస నుంచి ఈ కొసకు కాల్చుకుంటూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది తప్ప ఏమీ తేలదు. ఒకటి రెండుసార్లు కాల్చి మీదికి నడిపించు. వాళ్లూ నిజంగా అదే చేసేవారు, దగ్గరికెళ్లి మస్కెట్ తిరగేసి మడమతో బాదేవారు.

కంచె కనబడితే డ్రాగూన్లను, అంటే గుర్రమెక్కి వచ్చి కిందికి దిగి తుపాకులతో పోరాడేవాళ్లను, అక్కడ దింపు. నేస్బీలో ఓకీ అనే కర్నల్ తన డ్రాగూన్లను సల్బీ కంచెల వెంట నిలబెట్టి, వెళ్తున్న రూపర్ట్ రౌతులను పక్క నుంచి కాల్పించాడు. దండును కూర్చుకోవడానికి ఆటలో ఇచ్చే పాయింట్లలో తక్కువకే దొరికే యూనిట్ అది, ఎదుటివాడి ప్రాణం తోడేస్తుంది. పెద్ద ఫిరంగుల జోలికి మాత్రం పోకు. ఒకచోట పెడితే ఆట అయ్యేదాకా అక్కడే, చూడ్డానికి బాగుంటాయంతే.

రాజుగారి బొమ్మను ముందుకు తోయాలని చెయ్యి లాగుతుంది, పాచికలకు ఒకటో రెండో కలుస్తాయి కదా అని. నేస్బీలో చివర్లో రాజు స్వయంగా రిజర్వ్‌తో దూకబోతే, కార్నవత్ ప్రభువు గుర్రం కళ్లెం పట్టుకుని పక్కకు తిప్పాడని చెబుతారు. అది చూసి వెనకున్న దండంతా తిరుగుముఖం పట్టింది. నాయకుడి బొమ్మ వెనక్కి జరిగినా, పోయినా దండు నిలబడుతుందో పారిపోతుందో తేల్చే ధైర్యం పరీక్షల పాచికలు ఎన్ని వేయాలో ఆట మొదలయ్యేలోపే చదివి ఉంచుకో.

ఇంకోటి. పైనుంచి చూస్తున్నావు కాబట్టి నీకు అన్నీ కనబడతాయి. పొగలో నిలబడ్డ సేనానికి అవేవీ కనబడవు. నీ ఆజ్ఞ పాచిక మీద పోయి ఒక యూనిట్ కదలకపోతే గొడవపెట్టుకోకు. వార్త అందలేదనుకో, అందినా ఆ కర్నల్‌కి ఇష్టం లేదనుకో. అప్పట్లో యూనిఫారాలు చూసి ఎవరు ఏ పక్షమో గుర్తుపట్టే పరిస్థితి కూడా లేదు. మార్‌స్టన్ మూర్‌లో పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ తన టోపీకున్న తెల్ల గుర్తు తీసేసి శత్రువుల మధ్య నుంచే గుర్రం మీద ఇవతలికి వచ్చేశాడు, ఎవరూ ఆపలేదు.

ఈ గజిబిజి మన జేబుకు మేలే చేస్తుంది. నీకు ఆట నచ్చి సొంతంగా దండు కొనుక్కుంటే రెండు సైన్యాలు కొనకు, ఒకటే కొను. కోటు రంగు రెజిమెంటుకో తీరు, పక్షానికో తీరు కాదు. బొమ్మలు అవే, జెండాలు మార్చుకునేలా పెట్టుకో. నడుముకు కట్టే పట్టీ ఒకటే చూసుకోవాలి, రాజు వైపు ఎరుపు, పార్లమెంటు సేనాని ఎసెక్స్ సైన్యానికి నారింజ. బొమ్మ ఎత్తు 15 మిల్లీమీటర్ల సైజే మంచిది. మన ఫ్లాట్లలో డైనింగ్ టేబుల్‌కి మించిన యుద్ధభూమి ఎక్కడిది? 28వి అందంగా ఉంటాయి, కొరియర్‌కీ కస్టమ్స్‌కీ కట్టాక అందం తగ్గుతుంది. ఈటెలు ఇట్టే విరుగుతాయి. అసలు ఈటె పదహారు అడుగులు, అంటే 15 సైజుకు ఐదు సెంటీమీటర్ల లోపు. రాణిగంజ్‌లో సన్న స్టీలు తీగ తెచ్చి కత్తిరించుకో. కొనలు అరగదీయి, లేకపోతే వేళ్లలో దిగుతాయి. కంచెలకు గిన్నెలు తోమే పచ్చ పీచు, ఇళ్ల గడ్డి పైకప్పులకు కొబ్బరి పీచు, గుట్టలకు వినాయక చవితి పందిళ్లలో మిగిలిన థర్మాకోల్ సరిపోతాయి. స్ప్రే వార్నిష్ మాత్రం వానాకాలంలో కొట్టకు. గాల్లో తేమకు బొమ్మల మీద తెల్లటి పొర కట్టి నెలల పని పాడవుతుంది.

దాయాదుల పోరు మనకు కొత్తేం కాదు, కారెంపూడి కథ వింటూ పెరిగినవాళ్లం. అందుకే ఈ ఆటలో ఒకడు మంచివాడు, ఒకడు దుర్మార్గుడు అని మొదలుపెట్టకు. 1643 జూన్‌లో పార్లమెంటు సేనాని వాలర్ తన పాత స్నేహితుడు, ఎదుటి సేనాని హాప్టన్‌కి ఉత్తరం రాస్తూ దీన్ని శత్రువు లేని యుద్ధం అన్నాడు. నెల తిరక్కుండా లాన్స్‌డౌన్ కొండ మీద ఇద్దరూ తలపడ్డారు. మొదటి ఆట రాజు వైపు ఆడితే రెండోది తప్పకుండా పార్లమెంటు వైపు ఆడు. క్రామ్‌వెల్ దండును నడిపితే గానీ రూపర్ట్ ఎక్కడ జారుతున్నాడో నీకు కనబడదు.

బల్ల దగ్గర మర్యాదలు మీ అమ్మ నేర్పినవే చాలు. కాల్చిన యూనిట్ ముందు పొగ గుర్తుగా దూది పెట్టే అలవాటు వాళ్లకుంటే పైన ఫ్యాన్ ఒకటిలో పెట్టమను, లేదంటే పొగంతా పోయి పప్పు గిన్నెలో పడుతుంది. చాయ్ కప్పు బల్ల మీద పెట్టకు. బొమ్మను ఈటె పట్టుకుని ఎత్తకు, కింద బేస్ పట్టుకో. పావు అంగుళం దగ్గర వాదన వస్తే ఒక పాచిక వేసి తేల్చేసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో ఒకే లైన్, మారక్కర్లేదు. నీకు అప్పుగా ఇస్తున్న నా రౌతుల డబ్బా అడుగున ఇనుప రేకుంది, బేస్‌లకు అయస్కాంతాలున్నాయి, కదలవు. స్కానర్‌లో ఆ లోహం ముద్ద చూసి సెక్యూరిటీవాళ్లు ఆపవచ్చు. కంగారుపడకుండా మూత తీసి చూపించు. ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, రూపర్ట్ ఏ టర్న్‌లో బల్ల దిగాడో చెప్పు.

మీ మామయ్య