పాత కార్డులు, ఫోటోలు పారేసే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

అడిగిన ప్రశ్న: "అమ్మమ్మగారింటి నుంచి రెండు డబ్బాల పాత ఫోటోలు, అప్పట్లో ఊళ్లు తిరిగినప్పుడు చుట్టాలు పంపిన బొమ్మల పోస్టుకార్డులు వచ్చాయి. స్కాన్ చేసుకుని అసలువి తీసేద్దామనుకుంటున్నా. వీటిని చూసి జనం అంత మురిసిపోవడానికి ఏముంది?"

తీసేయకండి. కనీసం ఓ నెల ఆగండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఇలాంటి కార్డులు నలభై ఏళ్లకు పైగా కళ్లముందే ఉన్నా మేం చూసింది సగమే. మిగతా సగం తుఫాను వచ్చి చూపించింది.

మాది బరంపురం (ఇంగ్లీషులో బెర్హంపూర్), ఒడిశాలో గంజాం జిల్లా. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా పెదనాన్న కలకత్తాలో ఉద్యోగం చేసేవాడు, సెలవు దొరికితే చాలు ఏదో ఒక ఊరు వెళ్లి అక్కణ్నుంచి బొమ్మల కార్డు పడేసేవాడు. పురీ, డార్జిలింగ్, కాశీ, ఇంకా ఎక్కడెక్కడివో. చిన్నపిల్లగా ఉన్న మా పిన్ని (నాన్న చెల్లెల్ని మేం పిన్ని అనే పిలుస్తాం, మా ఇంటి అలవాటు) ఆ కార్డులన్నీ పోగేసి, నల్ల అట్టల ఆల్బమ్‌లో మైదాపిండి ఉడకబెట్టి అతికించింది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కూడా కలిపిందట. బొమ్మ పైకి, రాత అట్టకి. అలా అతుక్కుని అవి నలభై అయిదేళ్లు ఉండిపోయాయి. ఎవరొచ్చినా ఆల్బమ్ తీసి చూపించడం, "అబ్బ, ఎంత బాగున్నాయో" అనిపించుకోవడం, మళ్లీ బీరువా మీద పెట్టడం.

2013 అక్టోబరు 12 రాత్రి, దసరా సంబరాల మధ్యలో, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ మాకు పట్టుమని 20 కిలోమీటర్లు ఉండదు, గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. వెనక గది పెంకులు లేచిపోయి, బీరువా మీద ఉన్నవన్నీ తడిసి ముద్దయ్యాయి. పొద్దున చూస్తే ఆల్బమ్ నీళ్లు పీల్చిన పాలకోవాలా ఉబ్బి ఉంది. అమ్మ ఏడుపు ఒక్కటే తక్కువ. పేజీ తిప్పుదామని పట్టుకుంటే కార్డు దానంతటదే చేతిలోకి జారి వచ్చేసింది. మైదా కదా, నీళ్లకి కరిగిపోయింది. అంత గొప్ప గమ్ము పెట్టి అతికించి ఉంటే ఈ కథే లేదు.

కరెంటు లేదు, ఫ్యాను లేదు. మా మామ్మ పాత నేత చీరలు నేల మీద పరిచి, కార్డులన్నీ వెల్లకిలా, బోర్లా ఆరబెట్టాం. సిరాతో రాసినవి చాలావరకు నీలం మరకలైపోయాయి. బాల్‌పెన్నుతో, పెన్సిల్‌తో రాసినవి, పోస్టాఫీసు నల్ల ముద్రలు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పుడు దొరికింది డార్జిలింగ్ కార్డు.

బొమ్మవైపు కొండ మలుపు తిరుగుతున్న బుల్లి రైలు. నలుపు తెలుపు ఫోటోకి పైన రంగులద్దినది. ఆకాశం గులాబీ, ఇంజను ఆకుపచ్చ, ఆ ఆకుపచ్చ గీత దాటి పక్కనున్న మనిషి తలపాగా మీదికి పాకింది. నా చిన్నప్పుడు ఆ తలపాగాయన మీదే నా కళ్లన్నీ. ఇక వెనకవైపు, పెదనాన్న ఇరుకిరుకు అక్షరాలు: "నాన్నగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి. నేను 19వ తేదీ ఆదివారం మెయిల్లో దిగుతాను. సామాను ఎక్కువ ఉన్నది, తమ్ముణ్ని స్టేషనుకు పంపగలరు. ఇక్కడ మే నెలలో కంబళి కప్పుకుంటున్నాము."

తమ్ముడంటే మా నాన్న. ఈ ఆదివారం సంగతి మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. పెదనాన్న హోల్డాల్, ట్రంకుపెట్టె వేసుకుని మండుటెండలో స్టేషన్లో గంటన్నర నిలబడి, చివరికి రిక్షా మాట్లాడుకుని వచ్చాడు. "కార్డు రాశాను, వీడు నిద్రపోయి రాలేదు" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో, మా అందరి ముందూ కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. "కార్డే రాలేదు" అని నాన్న. ఎవరు నమ్ముతారు?

కార్డు మీద మూడు గుండ్రటి ముద్రలున్నాయి. ఒకటి డార్జిలింగ్, 14 మే 68. రెండోది బెర్హంపూర్, కానీ మాది కాదు, పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లాది. మూడోది మాది, 24 మే. మా ఊరికి ఉత్తరం రాసేవాళ్లు ఊరి పేరు పక్కన బ్రాకెట్లో గంజాం అనో, పొట్టిగా జి.ఎం. అనో తప్పకుండా రాసేది ఇందుకే. పెదనాన్న తొందరలో అది మరిచిపోయాడు. పాపం కార్డు బెంగాలంతా తిరిగి, ఆయన వచ్చి, నాలుగు రోజులుండి, మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయిన మర్నాడు చేరింది. ఎవరు అందుకున్నారో, చదివారో లేదో. పిన్నిని అడిగితే "రైలు బాగుందని అతికించేశానమ్మా, వెనక ఎవరు చదివారు" అంది.

నాన్న ఆ తడి నేల మీద గొంతుక్కూర్చుని తేదీలు రెండుసార్లు చదివి, "చూశారా" అని మమ్మల్ని కాదు, గోడని అడిగాడు.

మీరు అడిగిన "ఏముంది" అన్నదానికి నా వరకు ఇదే జవాబు. బొమ్మ అందరిదీ, అదే డార్జిలింగ్ కార్డు వేలమంది కొనుంటారు. వెనకవైపు మాత్రం ఒక్క ఇంటిది. ఒక తమాషా ఏంటంటే, మొదట్లో ఆ వెనకవైపు రాసుకోవడానికే లేదు. లోకంలో తొలి పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగేరీలో వచ్చింది, మన దేశంలో 1879 జులైలో, పావు అణాకి. అప్పట్లో ఒకవైపంతా చిరునామాకే. బొమ్మల కార్డులొచ్చాక కూడా మాట రాయాలంటే బొమ్మ అంచున ఇరికించాల్సిందే. 1902లో బ్రిటన్‌లో వెనకవైపు మధ్యలో గీత గీసి సగం మాటకి, సగం చిరునామాకి ఇచ్చారు, మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. మీ డబ్బాలో గీత లేని కార్డు కనిపిస్తే జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి, చాలా పాతది అయ్యుండొచ్చు.

తేదీ లేకపోయినా కాలం పట్టుకోవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. స్టాంపు మీద అణాలుంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కి ముందుది, "నయాపైసా" ఉంటే ఆ తర్వాత కొన్నేళ్లది. మా ముత్తాత ఫోటో అట్ట కింద స్టూడియో పేరు పక్కన బెర్హంపూర్, మద్రాసు ప్రెసిడెన్సీ అని అచ్చు ఉంది. గంజాం ఒరిస్సాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న కాబట్టి అంతకు ముందుదే అని మా బావ వాదన. స్టూడియోవాళ్లు పాత అట్టలు అయిపోయేదాకా వాడుకుని ఉండొచ్చు కదా అని నా వాదన. ఇంకా తేలలేదు.

ఇంకోటి. పాత డబ్బాల్లో శుభవార్తలే ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? నాలుగు మూలలా పసుపు రాసినవి దాచుకునేవాళ్లు. చావు కబురు కార్డు చదివిన వెంటనే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. మా మామ్మ అయితే అది గుమ్మం లోపలికే రానిచ్చేది కాదు. అందుకే మన కుటుంబాల చరిత్ర ఈ డబ్బాలు చూసి రాస్తే అందరూ సుఖంగానే బతికినట్టుంటుంది. పైగా పోస్టుకార్డు అంటే వీధి వీధంతా చదివేదని అంటారు గానీ మాకు ఆ టెన్షన్ లేదు. మా పోస్టుమాన్‌కి తెలుగు చదవడం రాదు, మాకు కార్డే కవరు.

సరే, పని సంగతి. స్కాన్ చేయండి, రెండువైపులా చేయండి, ఖాళీగా ఉన్నా సరే. వెలిసిన పెన్సిల్ గీతలు కంటికి కనబడకపోయినా స్కాన్‌లో వెలుగు తగ్గించి చూస్తే తేలతాయి. లామినేషన్ మాత్రం వద్దు, ఆ వేడికి పాడైనా, తర్వాత ఊడదీయాలన్నా దారి లేదు. పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, నెమ్మదిగా. ఫ్రేములో గాజుకి అతుక్కున్న ఫోటోని ఎంతమాత్రం లాగకండి, గాజుతో సహా అలాగే స్కాన్ చేయించండి. తుఫాను మర్నాడు నేను చేసిన తెలివితక్కువ పని అదే: మామ్మ పెళ్లి ఫోటో పీకితే చీర, నగలు, చేతిలో కొబ్బరిబోండం కాగితం మీదికి వచ్చాయి, ముఖం గాజుకే ఉండిపోయింది. ఆ గాజు ముక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఫోన్లు పనిచేయడం మొదలయ్యాక నాన్న విశాఖలో ఉన్న పెదనాన్నకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మూడు ముద్రల తేదీలూ చదివి వినిపించాడు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయితే మాత్రం, అన్న సెలవుల్లో వస్తాడని ఆ మాత్రం తెలీదా" అన్నాడు. ఇంకో నిమిషానికి, ఆ వెనకవైపు ఫోటో తీసి పంపమన్నాడు.

ఆ కార్డు ఇప్పుడు మా హాల్లో ఉంది, గాజు తగలకుండా చుట్టూ అట్ట పెట్టించి, రాత బయటికి, రైలు గోడవైపుకి. ఫ్రేము కట్టే అతను తిరగేసి ఇచ్చామేమో అని రెండుసార్లు అడిగాడు.