లారీ క్యాబిన్‌లో వంటకు ఏ స్టవ్ మంచిది?

‘మా తమ్ముడు కొత్తగా లారీ ఎక్కాడు, బయటి తిండి పడక క్యాబిన్‌లోనే వండుకుంటానంటున్నాడు, ఏ స్టవ్ కొనివ్వాలి?’ అని అడిగారు. క్యాబిన్‌లోకైతే ఏ స్టవ్వూ వద్దండీ. మంట పెట్టేది కిందే. లోపల వండాలంటే కరెంటు కుక్కర్ ఒక్కటే, అదీ బండి ఆపాకే.

నేను కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపల లోడు హౌరాకి, సిలిగురికి, గువాహటికి తోలినవాణ్ణి. ఐసు కరిగేలోపు చేరాలని తొందరపెడతారు కాబట్టి, నడుస్తున్న బండిలోనే క్లీనర్ చేత అన్నం వండించేవాళ్లు మా లైన్లో ఉన్నారు. సడన్ బ్రేకు పడితే మరిగే గంజి ఎవరి ఒంటి మీద పడుతుందో ఆలోచించరు.

ఓ జనవరిలో బెంగాల్‌లోని డాల్‌ఖోలా దాటాక పొగమంచుకి దారి కనపడక లారీలన్నీ పక్కకు ఆపేశాం. మా వెనక బండిలో ఇద్దరు కుర్రాళ్లు బొగ్గుల కుంపటి మీద కిచిడీ వండుకున్నారు. తర్వాత వెచ్చగా ఉంటుందని ఆ కుంపటి క్యాబిన్‌లోకే ఎక్కించి, అద్దాలు మూసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున టీకి పిలుద్దామని వెళ్తే అద్దాలకు లోపలివైపు నీళ్లు ధారలు కట్టి ఉన్నాయి. ఎంత బాదినా పలుకు లేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది, డ్రైవర్ దిగబోయి కింద పడ్డాడు. కాళ్లు నిలవడం లేదు. క్లీనర్‌ని మేమే కిందికి లాగాం. వాంతి చేసుకుని, తల పగిలిపోతోందని ఏడ్చాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక తేరుకున్నారు. కుంపట్లో చూస్తే పైనంతా తెల్లటి బూడిదే. ఆరిపోయిందనే అనుకున్నారు పాపం. బూడిద కింద నిప్పు ఉన్నంతసేపు కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

గ్యాస్ అయినా అంతే. లీకైతే గాలికన్నా బరువు కాబట్టి సీటు కిందికి చేరుతుంది. పైగా చుట్టూ రెక్సిన్, స్పాంజి పరుపు, కర్టెన్లు. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచి పనే, ఎండల్లో తోలేవాడికే తెలుస్తుంది దాని విలువ. కానీ అద్దాలు ఎప్పుడూ మూసే ఉంటాయి కాబట్టి లోపల మంట పెట్టే అలవాటు ఇప్పుడు మరీ ప్రమాదం.

కింద వండుకోవడానికి ఐదు కిలోల గ్యాస్ సిలిండర్ కొనివ్వండి. బండి బయట గాలి ఆడే పెట్టెలో నిలబెట్టి కట్టుకోవాలి. బండి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ట్రాఫిక్ లేని వైపు, డీజిల్ ట్యాంకుకి దూరంగా వండుకోవాలి. కందిపప్పు పొద్దున్నే స్టీలు డబ్బాలో నానేస్తే మధ్యాహ్నానికి ఇట్టే ఉడుకుతుంది. పెట్రోలు ట్యాంకర్ తోలుతుంటే మాత్రం బండి దగ్గర అగ్గిపుల్ల కూడా గీయకూడదు.

కరెంటు కుక్కర్‌కి 24 వోల్టుల ఇన్వర్టర్ కావాలి. 400 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ నష్టంతో కలిపి 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ దాన్ని తట్టుకోదు. బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, మొదట్లోనే ఫ్యూజు వేయించాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు 24 వోల్టుల కోసం జతచేసిన రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు తీసి ఇస్తారు. ఆ బ్యాటరీ ముందే చచ్చిపోతుంది, ఖర్చు డ్రైవర్ నెత్తినే.

అసలు వీళ్లు ప్రాణాల మీదకి ఎందుకు తెచ్చుకుంటారంటే, మనవాడికి అన్నం కావాలి. ఒడిశా, బెంగాల్ దాకా అన్నం దొరుకుతుంది గానీ, ధాబాల్లో ఆ నూనె కూరలు తిని స్టీరింగ్ పట్టుకుంటే కళ్లు మూతలు పడతాయి. రెండు పూటలా హోటల్లో తింటే బత్తాలో ఇంటికి మిగిలేదేమీ ఉండదు. లక్షలు పోసి బాడీ కట్టించే ఓనర్లు పక్కన ఒక వంట పెట్టె వేయించమంటే మాత్రం మొహం చిట్లిస్తారు. ఆగుదామంటే చోటేది? నీడ కనిపించి ఆపితే హారన్లు, లేదంటే చలానా.

కొన్ని పెట్రోలు బంకుల్లో ‘అప్నా ఘర్’ పేరుతో డ్రైవర్లు పడుకోవడానికి, స్నానానికి, సొంతంగా వండుకోవడానికి కూడా చోటు పెట్టారు. మీ తమ్ముడు తిరిగే రూట్లో అవి ఎక్కడున్నాయో ముందే కనుక్కోమనండి. ఓనర్‌ని వంట పెట్టె అడగాల్సింది కూడా బండి ఎక్కిన కొత్తలోనే. తర్వాత అడిగితే ఇన్నాళ్లూ ఎలా తిన్నావంటారు.