మంచినీటి పైప్‌ఫిష్ మేత ముట్టకపోతే ఉప్పు పరిష్కారం కాదు

మీ అక్వేరియంలోని మూడు మైక్రోఫిస్ డియోకాటా (మంచినీటి పైప్‌ఫిష్) చేపలు వారం రోజులుగా గుళికల మేత ముట్టడం లేదని, అమ్మినవారు నీటిలో ఉప్పు కలపమన్నారని, ఒక చేప పొట్ట అడుగున గింజల వంటివి వరుసగా అంటుకొని ఉన్నాయని, అది జబ్బేమోనని అడిగారు. నేను ఈ జాతిని నాలుగేళ్లుగా పెంచుతున్నాను. మొదటి జతను ఇలాగే గుళికలు వేసి, ఉప్పు కలిపి, ఆకలితో చనిపోయేలా చేశాను. అందువల్ల ముందుగా ఒక్క మాట: ఉప్పు మానండి, ఈ రోజే ప్రాణమున్న మేత తెచ్చి వేయండి.

1822లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించిన ఈ చేప గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాలలోని మంచినీటిలో, గడ్డి వంటి నీటి మొక్కల మధ్య జీవిస్తుంది. ఇదే ప్రజాతికి చెందిన మైక్రోఫిస్ బ్రాకియూరస్ వంటి చేపల పిల్లలు ప్రవాహంతో పాటు సముద్రానికి చేరి, అక్కడ కొంత పెరిగి తిరిగి నదులకు వస్తాయి. ఉప్పు సలహా బహుశా అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. డియోకాటాకు అది వర్తించదు.

అది మేత ముట్టకపోవడానికి అసలు కారణం దాని శరీర నిర్మాణంలోనే ఉంది. సముద్రపు గుర్రం కుటుంబమైన సింగ్నాథిడేలోని చేపలన్నింటిలాగే దీనికి కూడా పళ్లు లేవు, జీర్ణాశయం లేదు. గొట్టం లాంటి ముట్టె చివర చిన్న నోరు మాత్రమే ఉంటుంది. విడివిడిగా కదలగల కళ్లతో ఎరను గమనిస్తూ, పృష్ఠ వాజాన్ని (వీపు మీది రెక్కను) సన్నగా అలలాడిస్తూ దగ్గరకు జరిగి, తలను ఒక్కసారిగా పైకి విదిల్చి, కొన్ని మిల్లీసెకన్లలోనే ఎరను నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. కదలనిది దాని దృష్టిలో మేత కానే కాదు. జీర్ణాశయం లేనందున తిన్నదాన్ని నిల్వ చేసుకోలేదు కాబట్టి, రోజుకు ఒకసారి ఎక్కువగా వేయడం కంటే నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయడం అవసరం.

నేను అప్పుడే పొదిగిన ఆర్టీమియాను (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్య వంటి జీవిని) మంచినీటితో కడిగి వేస్తాను. అవి మంచినీటిలో కొన్ని గంటలకు మించి బతకవు కనుక కొద్దిగానే వేయాలి. డాఫ్నియా (నీటి ఈగ అనే చిన్న మంచినీటి జీవి) మాత్రం చేప తినేదాకా ఈదుతూనే ఉంటుంది కాబట్టి నాకు దానిపైనే ఎక్కువ నమ్మకం. చురుకైన వేరే చేపలు ఏవైనా ఉంటే వెంటనే వేరు చేయండి, ఎందుకంటే పైప్‌ఫిష్ ఒక ఎరను గురిచూసే లోపు అవి పది తినేస్తాయి. స్పాంజి ఫిల్టర్, మెల్లని ప్రవాహం, పొడవాటి ఆకుల మొక్కలు ఉంటే చాలు. మందుల విషయంలో, ముఖ్యంగా రాగి కలిసిన వాటి విషయంలో, చాలా జాగ్రత్తగా ఉండండి; పొలుసులకు బదులు ఎముక వలయాలు ఉన్నంత మాత్రాన ఈ చేప దృఢమైనదని అనుకోకూడదు.

ఇక ఆ గింజలు. దయచేసి వాటిని గీకడం, మందు వేయడం వంటివి చేయకండి. అవి గుడ్లు, ఆ చేప మగది. ఈ కుటుంబంలో గర్భభారం మగ చేపదే. ఈ ప్రజాతిలో ఆడది గుడ్లను మగ చేప ఉదరం అడుగుభాగానికి అంటిస్తుంది, పిల్లలు వచ్చేవరకు మగదే వాటిని మోస్తుంది. పొట్ట కింద రంగు చారలున్న చర్మపు అంచును విప్పి చూపేది ఆడ చేప. ప్రణయ ప్రదర్శనలో అందంగా కనబడే వంతు ఇక్కడ ఆడదానిది కావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

నా దగ్గర ఒకసారి పిల్లలు పుట్టాయి. ఆర్టీమియా వాటి నోటికి పెద్దదైపోయింది, అంతకంటే చిన్న మేత సిద్ధంగా లేదు, నాలుగు రోజుల్లో ఒక్కటీ మిగలలేదు. మీకు ఇంకా సమయం ఉంది కనుక, ఎండుటాకులు నానబెట్టిన నీటిలో ఇన్ఫ్యూసోరియాను, వీలైతే రోటిఫర్లను (రెండూ అతి సూక్ష్మమైన నీటి జీవులు), ఈ రోజే పెంచడం మొదలుపెట్టండి.