నెమలి సరే, ప్లయరు మాట ఏమిటి?

చిరంజీవి మేనల్లుడికి,

రాంనగర్ నుంచి మామయ్య ఆశీస్సులు.

ప్లయరు పెట్టి బెల్టుకు తగిలించుకోవడానికి నువ్వు కుట్టిన తోలు సంచి ఫొటో ఫోనులో చూశాను. మీద చెక్కిన నెమలి ముచ్చటగా ఉంది. కానీ లిఫ్టులు బాగుచేసే నీ నడుము మీద ఆ సంచి మూడు నెలలు నిలవదు. కోపం తెచ్చుకోకు, నేను చేసిన మొదటిది మూడు వారాలే నిలిచింది.

తప్పు ముందు తోలులోనే ఉంది. కోసిన అంచు మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు గీత కనిపిస్తోంది కదా, అది క్రోముతో పదును చేసిన తోలు, పదును అంటే పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేయడం. జాకెట్లకు, సోఫాలకు మంచిదే. ఎటు వంచితే అటు వంగుతుంది గానీ ఒత్తిన ఆకారాన్ని పట్టి ఉంచదు. నీకు కావలసింది చెట్టు బెరడుతో పదును చేసినది. ఊళ్లో మీ తాత లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలును రోజుల తరబడి నానబెట్టేవాడు. బతుకమ్మకు మీ అమ్మ తంగేడు పూలు కోసుకునేది, మీ తాత తంగేడు బెరడు ఒలిచేవాడు. ఆ తోలు అంచు లోపలిదాకా గోధుమరంగే. చుక్క నీళ్లు వేస్తే పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది. దుకాణంలో ఈ రెండూ చూడందే డబ్బు ఇవ్వకు. 3 మిల్లీమీటర్ల మందం చాలు. వీపు భాగమే అడుగు, పొట్ట తోలు సాగుతుంది.

రంపె, అదే తోలు కోసే కత్తి, పట్టే ముందు అట్టతో నమూనా కోయి. సంచి ముందు భాగానికి ప్లయరు వెడల్పు, దాని మందానికి రెండింతలు, రెండు పక్కలా కుట్టుకు సెంటీమీటరు చొప్పున కావాలి. నువ్వు మందం లెక్కలోకి తీసుకోలేదు, అందుకే మూతి దగ్గర కుట్టు లాక్కుపోయింది.

మిషను మీద కుట్టించకు. మిషను కుట్టు ఒకచోట తెగితే వరసగా ఊడి వస్తుంది. నా ప్లయరు ఓ అపార్టుమెంటు నీళ్ల ట్యాంకులో పడింది ఆ పుణ్యానే. అందరూ చూస్తుండగా చొక్కా విప్పి దిగాను. చేతికుట్టుకు దారం ఒకటే, సూదులు రెండు. ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా దాటాలి. ఒకచోట తెగినా మిగతాది బిగువుగానే ఉంటుంది. అంచుకు 4 మిల్లీమీటర్ల లోపల గీత గీసి, దాని వెంట 4 మిల్లీమీటర్లకొక రంధ్రం ఆరెతో, అంటే తోలుకు బెజ్జాలు వేసే పిడి సూదితో, పొడువు. కుట్టు పొడవుకు నాలుగింతల దారం తీసుకుని తేనెమైనం పట్టించు.

కుట్టాక సంచిని గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, ప్లయరును లోపలికి దూర్చి, చుట్టూ వేళ్లతో, చెంచా వీపుతో ఒత్తు. ప్లయరుకు ముందే ప్లాస్టిక్ కవరు చుట్టు. తడి తోలుకు ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది, అది ఓ పట్టాన పోదు. నీడలో ఆరనివ్వు. మన మే నెల ఎండలో పెడితే గట్టిపడి పగులుతుంది. వానాకాలమైతే రెండు రోజులు పట్టినా ఓపిక పట్టు. నూనె ఎక్కువ రాశావంటే పట్టిన ఆకారం మళ్లీ వదులవుతుంది.

ఇక బెల్టు. నీది ఒకటిన్నర అంగుళాలైతే, అంటే 38 మిల్లీమీటర్లయితే, సంచి వెనక పట్టీ లోపలి ఖాళీ 40 ఉండాలి. పట్టీని మొత్తం కుట్టేయకుండా టిచ్ బటన్ పెట్టు. బేగంబజార్‌లో దొరుకుతాయి. మెట్రో తనిఖీ దగ్గర బెల్టు విప్పే పని లేకుండా సంచి ఒక్కటే ఊడదీసి ఇవ్వచ్చు. స్కూటరు మీద కూర్చుని చూసుకున్నాకే పట్టీ చోటు ఖాయం చెయ్యి. నిలబడి కొలిస్తే ప్లయరు పిడి పక్కటెముకల్లో పొడుస్తుంది.

ఆదివారం రా. మీ తాత ఆరె నా దగ్గరే ఉంది. ప్లయరు కొలతలు ఫోనులో చెప్పకు, ప్లయరే తీసుకురా. ఆ నెమలి సంచి పారేయకు, ఇన్సులేషన్ టేపు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మామయ్య